స్కూబా డైవర్లకు రెస్క్యూ శిక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూబాలో మొదటి రెండు స్థాయిలైన ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ కోర్సులు పూర్తి చేసినవారు రెస్క్యూ కోర్సు దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఒకే రకమైన సందేహాలు అడుగుతున్నందువల్ల వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ జవాబును విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాము. ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నీటిలో చేసే సాధనకు మాత్రం ఈ చదువు బదులు కాదు.

## కోర్సులో చేరే ముందు

నేనేమీ లైఫ్‌గార్డును కాబోవడం లేదు, సరదాగా డైవ్ చేసేవాడిని. నాకు రెస్క్యూ కోర్సు ఎందుకు?

లైఫ్‌గార్డ్ ఒడ్డున నిలబడి ముక్కూమొహం తెలియనివారిని కాపాడడానికి శిక్షణ పొందుతాడు. రెస్క్యూ డైవర్ మొదట తనను తాను, ఆ తర్వాత పక్కనున్న బడ్డీని, అంటే జతగా డైవ్ చేసేవారిని, చూసుకోవడం నేర్చుకుంటాడు. వినోదం కోసం చేసే డైవింగ్‌లో ఒక్కసారిగా విరుచుకుపడే ప్రమాదాలు తక్కువ. మాస్క్‌లోకి నీరు కారడం, బరువులు ఎక్కువై కిందికి లాగడం, ప్రవాహానికి ఎదురీది ఆయాసపడడం, గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూసుకోవడం మరచిపోవడం వంటి చిన్న ఇబ్బందులు ఒకదానిపై ఒకటి పేరుకుని, మనిషికి ఆలోచన ఆగిపోయే స్థితి వచ్చినప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుంది. కోర్సులో అందరికీ గుర్తుండిపోయేది స్పృహ లేని మనిషిని పైకి తెచ్చే ఘట్టమే అయినా, ప్రతి డైవ్‌లోనూ పనికొచ్చేది ఆ మొదటి చిన్న ఇబ్బందిని పసిగట్టే అలవాటు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి ఆ రోజు పడవలో మౌనంగా కూర్చుని ఒకే బకిల్‌ను నాలుగోసారి సరిచూసుకుంటుంటే, "ఈ డైవ్ మానేద్దామా, నాకూ అంత ఉత్సాహంగా లేదు" అని అడగగలగడం కూడా రెస్క్యూయే.

చేరడానికి ఏయే అర్హతలు ఉండాలి?

డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ నిబంధనల ప్రకారం కనీసం 12 ఏళ్లు నిండాలి. అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ డైవర్ గానీ, నావిగేషన్ డైవ్ పూర్తి చేసిన అడ్వెంచర్ డైవర్ గానీ అయి ఉండాలి. గడచిన 24 నెలల్లో సీపీఆర్, ప్రథమ చికిత్సలలో శిక్షణ పొంది ఉండాలి. ఎస్‌ఎస్‌ఐ సంస్థలో ఇదే స్థాయి కోర్సును డైవర్ స్ట్రెస్ అండ్ రెస్క్యూ అంటారు. ప్రథమ చికిత్స శిక్షణ లేనివారికి చాలా కేంద్రాలు దాన్ని ఈ కోర్సుతో కలిపే ఇస్తాయి. అర్హత కాగితాల కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. తన బాయన్సీని, అంటే నీటిలో తేలే గుణాన్ని, తాను అదుపు చేసుకోలేనివారు ఇంకొకరిని పట్టుకుని పైకి రావడం ఇద్దరికీ ప్రమాదమే. నేలను తాకకుండా, పైకి తేలిపోకుండా ఒకచోట నిలిచి మాస్క్ తీసి పెట్టుకోగలిగేదాకా ఆగమని మా సలహా.

ఈత అంతంతమాత్రం. అయినా చేరవచ్చా?

అండమాన్‌లో ఈత రాకున్నా 12 మీటర్ల లోపు పరిచయ డైవ్ చేయిస్తారు కాబట్టి డైవింగ్‌కు ఈతతో పని లేదన్న అభిప్రాయం మనవాళ్లలో పాతుకుపోయింది. ఓపెన్ వాటర్ కోర్సుకే 200 మీటర్లు ఈదడం, లేదా మాస్క్, ఫిన్స్, స్నార్కెల్‌తో 300 మీటర్లు వెళ్లడం, 10 నిమిషాలు ఆధారం లేకుండా తేలడం తప్పనిసరి. రెస్క్యూలో పూర్తి సామగ్రితో ఉన్న మరో మనిషిని అలల మధ్య లాక్కురావాలి. సముద్రానికి వెళ్లే ముందు రెండు మూడు నెలలు మీ ఊరి ఈతకొలనులో ఫిన్స్ వేసుకుని, స్నేహితుణ్ణి వెల్లకిలా తేల్చి 100 మీటర్లు లాగడం సాధన చేయండి. తొడల్లో నొప్పి ఎక్కడ మొదలవుతుందో అప్పుడే తెలిసిపోతుంది.

బీపీ, షుగర్ ఉన్నాయి. కోర్సుకు ముందు నింపే ఆరోగ్య ఫారంలో రాస్తే చేర్చుకోరేమో?

దయచేసి దాచవద్దు. డైవింగ్ మరణాల్లో, ముఖ్యంగా నడివయసు దాటినవారిలో, గుండె సంబంధిత కారణాల వాటా పెద్దది. పైగా రెస్క్యూ సాధన మామూలు డైవ్ కంటే ఎన్నో రెట్లు శ్రమతో కూడుకున్నది. ఫారంలోని కొన్ని ప్రశ్నలకు అవునని రాస్తే డాక్టర్ సంతకం కావాలి, అంతే. అదుపులో ఉన్న రక్తపోటుతో చాలామంది డైవ్ చేస్తున్నారు. ఇన్సులిన్ వాడేవారికి నీటి అడుగున చక్కెర పడిపోయే ముప్పు ఉంటుంది కనుక, డైవింగ్ గురించి తెలిసిన వైద్యుడితో విడిగా మాట్లాడాలి. ఫారంతో పాటు వైద్యుల కోసం రాసిన సూచనల పత్రం కూడా దొరుకుతుంది. దాన్ని ముద్రించి తీసుకెళ్తే మీ డాక్టర్ పని సులువవుతుంది.

విశాఖలో నేర్చుకోవడం మంచిదా, అండమాన్‌లోనా?

స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్ చుట్టూ నీరు తేటగా ఉండే రోజులు ఎక్కువ కాబట్టి ఇన్‌స్ట్రక్టర్ చేతుల కదలిక స్పష్టంగా కనబడుతుంది, నేర్చుకోవడం తేలిక. రుషికొండ వైపు చాలా రోజులు నీరు మసకగా ఉంటుంది. తప్పిపోయిన డైవర్‌ను వెతికే సాధన అక్కడ నటనలా అనిపించదు. తేట నీటిలో నేర్చుకుని, ఆ తర్వాత మసక నీటిలో ఒకసారి సాధన చేయడం ఉత్తమమని మా అభిప్రాయం. ఊరి కంటే కేంద్రాన్ని చూసి ఎంచుకోవాలి. ఆక్సిజన్ కిట్ చూపించమని అడిగినప్పుడు తాళం కోసం వెతుక్కునే చోట, కోర్సును ఒకటిన్నర రోజులో ముగిస్తామని చెప్పే చోట చేరవద్దు.

## శిక్షణ జరిగేటప్పుడు

కోర్సులో అసలు ఏం చేయిస్తారు?

పాడీ పద్ధతిలో పది అభ్యాసాలు ఉంటాయి. అలసిన డైవర్‌కు సాయం చేయడంతో మొదలై, బెదిరినవారిని అదుపు చేయడం, అడుగున ఒత్తిడిలో ఉన్నవారికి తోడు నిలవడం, తప్పిపోయినవారిని వెతకడం, స్పృహ లేనివారిని పైకి తేవడం, నీటిపై శ్వాస అందించడం, పడవలోకి చేర్చడం, ఆక్సిజన్ ఇవ్వడం వరకు సాగుతాయి. చివర్లో ముందుగా చెప్పకుండా కల్పిత ప్రమాదాలు సృష్టించి మీ స్పందన చూస్తారు. అప్పుడు ఎవరు ఏం చేయాలో పంచిపెట్టడం చాలామందికి నీటిలో దూకడం కంటే కష్టమవుతుంది. "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు. ఒకరిని పేరు పెట్టి పిలిచి పని అప్పగించాలి.

బెదిరిపోయిన డైవర్‌ను ఎలా గుర్తుపట్టాలి? దగ్గరికి ఎలా వెళ్లాలి?

నీటిపై బెదిరినవారు మాస్క్‌ను నుదుటి మీదికి నెట్టేస్తారు లేదా పీకేస్తారు, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్‌ను ఉమ్మేస్తారు, కళ్లు పెద్దవి చేసి ఎటో చూస్తూ, చేతులతో నీటిని కిందికి తొక్కుతూ మొండెం మొత్తం నీటిపైకి తేవాలని చూస్తారు. పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం అన్నిటికంటే నమ్మదగిన గుర్తు. మునిగేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడంటారు. ఇక్కడ ఆ గడ్డిపోచ మీరే కాబోతున్నారు.

అందువల్ల రెండు మీటర్ల దూరంలోనే ఆగి, మీ మాస్క్ మొహం మీద, రెగ్యులేటర్ నోట్లో ఉంచుకోండి. మాట్లాడడానికి తీసినా వెంటనే మళ్లీ పెట్టుకోండి. "బీసీడీలో గాలి నింపు, బరువులు వదిలెయ్" అని పొట్టి మాటల్లో గట్టిగా చెప్పండి. బీసీడీ అంటే గాలి నింపితే మనిషిని తేల్చే జాకెట్టు. పడవ దగ్గరుంటే తాడు కట్టిన ట్యూబ్ విసరడం మీరు ఈదుకుంటూ వెళ్లడం కంటే మేలు. ఏదీ పని చేయకపోతే నీటిలోకి దిగి, వారి మోకాళ్ల కింది నుంచి చుట్టి వెనక్కి చేరుకుని, సిలిండర్‌ను మీ మోకాళ్ల మధ్య బిగించి, ఒక చేత్తో వాల్వ్ పట్టుకుని, రెండో చేత్తో బీసీడీలో గాలి నింపే వారి ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కండి. బీసీడీ ఉబ్బి భుజాలు నీటిపైకి లేచాక చాలామంది కొద్ది క్షణాల్లోనే తేరుకుంటారు.

నన్నే గట్టిగా పట్టేసుకుంటే ఎలా విడిపించుకోవాలి?

కిందికి వెళ్లండి. బెదిరినవారికి కావలసింది గాలి కాబట్టి వారు మీతో పాటు నీటి లోపలికి రారు. రెగ్యులేటర్ నోట్లో ఉంచుకుని, బీసీడీలో గాలి వదిలి, చేతులతో వారిని పైకి నెడుతూ మునగాలి. దూరంగా తేలి మళ్లీ మొదలుపెట్టాలి. పెనుగులాడి గెలవాలని చూడవద్దు.

సాధనలో నేను తడబడితే ఫెయిల్ చేస్తారా?

చేయరు. సరిగ్గా వచ్చేదాకా మళ్లీ చేయిస్తారు.

## నీటి అడుగున

గాలి అయిపోతే మొదట ఏం చేయాలి? ఎంత సమయం ఉంటుంది?

అరచేతిని గొంతుకు అడ్డంగా కదిపి గాలి లేదని సైగ చేసి, బడ్డీ దగ్గరి అదనపు రెగ్యులేటర్ తీసుకుని, ఒకరి బీసీడీ పట్టీ మరొకరు పట్టుకుని, ఇద్దరూ నాలుగైదు ఊపిరులు నిదానంగా తీసుకున్నాక పైకి బయలుదేరాలి. సమయం ఎంత ఉంటుందో లెక్క వేస్తే చాలామంది ఉలిక్కిపడతారు. నీటిపై నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషికి 20 మీటర్ల లోతులో పీడనం మూడు రెట్లు కనుక 60 లీటర్లు కావాలి. 12 లీటర్ల సిలిండర్‌లో 50 బార్ పీడనం మిగిలితే ఉన్నది 600 లీటర్లు, అంటే ఒక్కరికి పది నిమిషాలు. ఇద్దరు పంచుకుంటూ, కంగారులో శ్వాస రెట్టింపైతే అదే గాలి రెండున్నర నిమిషాలు మాత్రమే వస్తుంది. లోతులో 50 బార్ దాకా ఆగకూడదన్నది ఇందుకే.

బడ్డీ అందుబాటులో లేక, లోతు 9 మీటర్లకు మించకపోతే, నోట్లో రెగ్యులేటర్ ఉంచుకుని "ఆ" అంటూ గాలి వదులుతూ అదుపుగా పైకి రావచ్చు. ఊపిరి బిగపట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. పది మీటర్ల నుంచి పైకి వచ్చేలోపు ఊపిరితిత్తుల్లోని గాలి ఘనపరిమాణం రెట్టింపవుతుంది.

బడ్డీ కనిపించకుండా పోతే ఎంతసేపు వెతకాలి?

ఒక్క నిమిషం. చుట్టూ తిరిగి చూసి, పైకి చూసి బుడగల కోసం వెతికి, కనబడకపోతే మామూలు వేగంతో పైకి రావాలి. బడ్డీ కూడా అదే నియమం పాటిస్తే ఇద్దరూ నీటిపై కలుస్తారు. డైవ్‌కు ముందు ఈ మాట ఇద్దరూ అనుకోకపోతే నియమం పనిచేయదు. పైన కూడా కనబడకపోతే చివరిసారి చూసిన చోట వెంటనే గుర్తు బోయా వేయించి, పడవ సిబ్బందికి చెప్పి, బుడగలు గమనించడానికి ఒకరిని నియమించాలి. మసక నీటిలో ఆ చోటి నుంచి చతురస్రాకారంలో కొంచెం కొంచెం విస్తరిస్తూ వెతకడం మంచి పద్ధతి. వెతికేవారి గాలి, నో డీకంప్రెషన్ పరిమితి (మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగలిగేంత సమయం) లెక్కలోకి తీసుకోవాలి. భారత తీర రక్షక దళం సహాయ నంబరు 1554. అందరూ వెతికి అలసిపోయాక కాకుండా మొదట్లోనే ఫోన్ చేయాలి.

అడుగున స్పృహ లేని డైవర్ కనబడితే?

రెగ్యులేటర్ నోట్లోనే ఉంటే దాన్ని అలాగే పట్టి ఉంచండి. బయటకు వచ్చేసి ఉంటే తిరిగి పెట్టే ప్రయత్నంలో సమయం పోగొట్టవద్దు. వెనక నుంచి పట్టుకుని, తల వాలిపోకుండా గడ్డం దగ్గర ఆసరా ఇచ్చి, ఒకరి బీసీడీలోని గాలితోనే పైకి లేస్తూ, వేగం పెరిగినప్పుడల్లా గాలి వదలాలి. మామూలుగా పైకి వచ్చే దారిలో కాసేపు నిలిచే సేఫ్టీ స్టాప్ కోసం ఆగనక్కరలేదు. పైకి రావడం మీ ప్రాణానికే ముప్పయ్యే పరిస్థితిలో, వారి బరువులు వదిలి వారిని ముందుగా పైకి పంపడం కఠినమే అయినా సరైన నిర్ణయం.

## నీటిపైన, పడవలో

నీటిలోనే సీపీఆర్ చేయవచ్చా?

ఛాతీని నొక్కడం నీటిలో పనిచేయదు, ఎందుకంటే వీపు కింద గట్టి ఆధారం ఉండదు. శ్వాస అందించడం మాత్రం సాధ్యమే. బాధితుడిని తేల్చి, కేక వేసి సాయం పిలిచి, మాస్క్, రెగ్యులేటర్ తీసి, శ్వాస లేదని నిర్ధారించుకున్నాక ఐదు సెకన్లకు ఒక ఊపిరి చొప్పున ఇస్తూ పడవ వైపు లాగాలి. ఊపిరి ఇచ్చి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఒక భుజం బకిల్ విప్పి, మళ్లీ ఊపిరి ఇచ్చి నడుము పట్టీ విప్పాలి. తడిసిన వేళ్లకు బకిల్ జారుతుంది, లెక్క తప్పుతుంది. అలాంటప్పుడు బకిల్‌ను వదిలేయండి, ఊపిరిని కాదు.

డెక్ మీదికి చేర్చాక మొదట ఊపిరులు ఇచ్చి, తర్వాత 30 నొక్కులకు 2 ఊపిరుల చొప్పున, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. వీడియోల్లో చూపించే చేతులు మాత్రమే వాడే పద్ధతి నీట మునిగినవారికి చాలదు. వారి గుండె ఆగింది ఆక్సిజన్ అందకనే.

ఆక్సిజన్ కిట్ ఉంటే చాలు కదా, సిలిండర్ ఎంత పెద్దదైతే ఏం?

అదే అసలు ప్రశ్న. డీకంప్రెషన్ సిక్‌నెస్ (శరీరంలో కరిగిన వాయువు బుడగలై కలిగించే జబ్బు, వాడుకలో బెండ్స్) అనుమానం ఉన్నవారికి వీలైనంత స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఆసుపత్రికి చేరేదాకా ఆపకుండా ఇవ్వాలి. వదిలిన ఊపిరిని మళ్లీ పీల్చనివ్వని నాన్ రీబ్రీదర్ మాస్క్‌తో నిమిషానికి 15 లీటర్లు ఖర్చవుతుంది. 400 లీటర్ల చిన్న సిలిండర్ అరగంట కూడా రాదు. స్వరాజ్ ద్వీప్ నుంచి ఓడలో పోర్ట్ బ్లెయిర్ చేరడానికి ఓడను బట్టి ఒకటిన్నర నుంచి రెండున్నర గంటలు పడుతుంది. రెండు గంటలకే 1800 లీటర్లు కావాలి. పీల్చినప్పుడే వాయువు ఇచ్చే డిమాండ్ వాల్వ్ ఉంటే ఖర్చు తగ్గుతుంది. కేంద్రం వారిని "కిట్ ఉందా" అని కాకుండా "ఎన్ని నిమిషాలు వస్తుంది" అని అడగండి.

సాయంత్రం భుజం నొప్పిగా ఉంది. సిలిండర్లు మోసినందుకేనా, బెండ్సా?

చాలామంది బామ్ రాసుకుని పడుకునేది ఇక్కడే. కీళ్లలో లోతైన నొప్పి, చేతులూ కాళ్లలో తిమ్మిరి, మామూలుకు మించిన నీరసం, చర్మంపై మచ్చల్లాంటి దద్దురు, తల తిరగడం, మూత్రం రాకపోవడం, వీటిలో ఏది డైవ్ తర్వాత కొన్ని గంటల్లో కనిపించినా కాదని తేలేదాకా డీకంప్రెషన్ సిక్‌నెస్ గానే భావించాలి. పైకి వచ్చిన పది నిమిషాల్లోపే స్పృహ తప్పడం, ఒకవైపు చచ్చుబడడం ఊపిరితిత్తుల నుంచి గాలి బుడగ రక్తంలోకి చేరిందనడానికి సూచన. వెల్లకిలా పడుకోబెట్టి ఆక్సిజన్ ఇవ్వాలి, స్పృహలో ఉంటే నీరు తాగించాలి. మళ్లీ నీటిలోకి దింపి సరిచేద్దామనుకోవడం ప్రాణాంతకం. ఆక్సిజన్ పెట్టగానే నొప్పి తగ్గినా ఆసుపత్రి ప్రయాణం మానుకోకూడదు.

బెండ్స్‌కు పీడనంతో చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ ఎక్కడ ఉంటుంది?

అండమాన్‌లో జరిగే కేసులు 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరికి వెళ్తాయి. ముంబైలో ఐఎన్‌హెచ్‌ఎస్ అశ్విని ఉంది. నగరాల్లోని ప్రైవేటు ఆసుపత్రుల హైపర్‌బారిక్ (అధిక పీడన) గదులు చాలావరకు మానని పుండ్ల చికిత్స కోసం పెట్టినవి. డైవర్‌ను చేర్చుకుంటారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. డైవర్‌కు ఇచ్చే మామూలు చికిత్స 18 మీటర్ల లోతుకు సమానమైన పీడనంతో మొదలై దాదాపు ఐదు గంటలు సాగుతుంది, అందుకు అన్ని చోట్లా సిద్ధంగా ఉండరు. 1980లో అమెరికాలో మొదలైన డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అత్యవసర ఫోన్‌లో ఎవరికైనా సలహా ఇస్తుంది. 108కి ఫోన్ చేసినప్పుడు ఊపిరాడడం లేదని మాత్రమే చెప్పకుండా, డైవింగ్ చేశారనీ, ఎంత లోతు, ఎంతసేపు అనీ చెప్పాలి. డైవ్ కంప్యూటర్‌ను రోగితో పాటే పంపాలి.

డైవ్ అయిన మర్నాడు పొద్దున్నే అరకు వెళ్లవచ్చా? విమానం ఎక్కవచ్చా?

ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, పలు డైవ్‌లు లేదా వరుస రోజులు డైవ్ చేసినవారు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్నది సాధారణ మార్గదర్శకం. ఇది 600 మీటర్ల ఎత్తు నుంచే పరిగణించాల్సిన విషయం. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి రుషికొండలో సాయంత్రం డైవ్ చేసి తెల్లవారుజామున ఘాట్ ఎక్కడం మంచిది కాదు. కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గర డైవ్ చేసి కారులో తిరిగి వచ్చేవారికి పశ్చిమ కనుమలూ అంతే. లక్షణాలు ఉన్నవారు ఎన్ని గంటలు గడిచినా వైద్యుణ్ణి అడగకుండా ఎత్తుకు వెళ్లకూడదు.

## కోర్సు పూర్తయ్యాక

నేర్చుకున్నది ఎంతకాలం గుర్తుంటుంది?

సాధన లేకపోతే కొన్ని నెలల్లోనే చేతులు మరచిపోతాయి. సీపీఆర్ శిక్షణను రెండేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. ప్రతి డైవింగ్ యాత్రలో మొదటి రోజు బడ్డీతో గాలి పంచుకుని పైకి రావడం, పడవ దగ్గర ఒకరినొకరు లాగడం చేసుకుంటే పావుగంటకు మించి పట్టదు.

బీమా ఉండాలా?

ఉండాలి. మామూలు ప్రయాణ బీమా చాలాసార్లు స్కూబాను మినహాయిస్తుంది. ఛాంబర్ చికిత్స, అత్యవసర తరలింపు రెండూ పాలసీలో రాసి ఉన్నాయో చూసుకోండి.

కాపాడబోయి ఏదైనా తేడా జరిగితే కేసు నా మీదికి వస్తుందా?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసేవారికి ఇచ్చే రక్షణ రోడ్డు ప్రమాదాలకే పరిమితం. అయితే బాధితుడి మేలు కోసం, సమ్మతి తీసుకునే వీలు లేని స్థితిలో, సద్భావంతో చేసిన పనిని నేరంగా చూడని సాధారణ మినహాయింపు భారతీయ న్యాయ సంహితలో ఉంది. శిక్షణ పరిధి దాటకుండా ఉండడం, స్పృహలో ఉన్నవారిని అడిగి ముట్టుకోవడం, ఏ సమయానికి ఏం చేశారో రాసిపెట్టడం మీకూ, వైద్యులకూ ఉపయోగం. కార్డు ఉన్నంత మాత్రాన ప్రతి ప్రమాదంలోకీ దూకే బాధ్యత మీపై పడదు.

రెస్క్యూ కార్డు చూసి, కొత్తవాళ్లను కాస్త నడిపించమని పడవలో అడుగుతున్నారు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోవద్దు. రెస్క్యూ డైవర్ వృత్తి స్థాయి కాదు. ఇతరులను నడిపించడానికి డైవ్‌మాస్టర్ కావాలి. పాడీలో దానికి 18 ఏళ్లు నిండాలి, చేరేటప్పటికి 40 డైవ్‌లు, పూర్తయ్యేటప్పటికి 60 డైవ్‌లు ఉండాలి. ఆ స్థాయి లేకుండా గుంపు బాధ్యత తీసుకుంటే ప్రమాదం జరిగినప్పుడు మీ బీమా వర్తించకపోవచ్చు. అనుభవం లేని బడ్డీతో జతగా దిగడం వేరు, నలుగురు కొత్తవాళ్లకు గైడుగా దిగడం వేరు. మొహమాటపడకుండా "నేను డబ్బు కట్టి వచ్చిన కస్టమర్‌ను" అని చెప్పి, ఆ గుంపుకు గైడు ఎవరో పడవ కదలకముందే అడగండి.